ముసురు రోజు, రెండు రంగులు

ఆదివారం సాయంత్రం. పొద్దుటి నుంచీ ముసురే. మనసులో ఏదో కెలుకుతూ ఉండి, అది మాటల్లోకి రానప్పుడు నీటి రంగులు తీయడం మంచిది. కాకపోతే ఈ తేమకి కాగితం ఓ పట్టాన ఆరదు. ఆ ఆలస్యం ముందే లెక్కలో వేసుకోవాలి.

కాగితం దగ్గర పొదుపు పనికిరాదు. పల్చటి డ్రాయింగు కాగితం తడి తగలగానే ఉబ్బి గుంటలు పడుతుంది, రంగంతా ఆ గుంటల్లోకి చేరుతుంది. మనసు కుదుటపడకపోగా చిరాకు పెరుగుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం, ఏ4లో సగం ముక్క చాలు. నాలుగు అంచులూ మాస్కింగ్ టేపుతో అట్టకి అంటించాలి. 8వ నంబరు గుండ్రటి కుంచె ఒకటి, పాత నూలు గుడ్డ, రెండు గ్లాసుల నీళ్లు: ఒకటి కుంచె కడగడానికి, రెండోది రంగు కలపడానికి.

రంగులు రెండే: అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి మట్టి గోధుమరంగు. పన్నెండు రంగుల పెట్టె తెరిస్తే ఏది తీయాలన్న తర్జనభర్జన మొదలవుతుంది. దిగులుగా ఉన్న మనిషికి ఆ భారం ఎందుకు? ఈ రెండూ కలిస్తే బూడిద రంగు. నీలం ఎక్కువైతే వాన మబ్బు, సియెన్నా ఎక్కువైతే తడిసిన మట్టి. అల్ట్రామెరైన్ రేణువులు కాగితం గరుకులో విడివిడిగా దిగుతాయి కాబట్టి, నల్ల ట్యూబులోంచి వచ్చే బూడిదకి లేని జీవం దీనికి ఉంటుంది.

అసలు పని కాగితం తడిపాక మొదలవుతుంది. పక్క నుంచి చూస్తే నీళ్లు నిలబడి ఉండకూడదు, సమంగా మెరవాలి. అప్పుడు రంగు తాకిస్తే దానంతటదే పాకుతుంది. మెరుపు తగ్గడం మొదలైందా, చెయ్యి తీసేయాలి. సగం ఆరిన చోట తడి కుంచె పెడితే కొత్త నీరు పాత రంగును అంచులకి నెట్టి, కాలీఫ్లవర్‌లాంటి మరక చేస్తుంది. అలజడిగా ఉన్నప్పుడు చేతికి ఇంకాస్త సవరిద్దామనే అనిపిస్తుంది. ఆ చేతిని ఆపడమే సాధన. ఆరేదాకా కూర్చోవడంలోనే ఊపిరి నెమ్మదిస్తుంది. వేలి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల తడి ఇంకా ఉన్నట్టే.

బొమ్మలు రావనుకునేవాళ్లకి ఒక మాట. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజ కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్ల చేత 45 నిమిషాలు కళాపని చేయించి లాలాజలం పరీక్షిస్తే, దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. ముందు అనుభవం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా కనిపించలేదు. అది చిన్న అధ్యయనం. వారాల తరబడి నిద్ర పట్టకపోతే కుంచె ఒక్కటే చాలదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇవాళ్టి కాగితం ఇంకా చల్లగానే ఉంది. టేపు రేపే తీయాలి. తడి ఉండగా లాగితే పై పొర చిరిగి వచ్చేస్తుంది. హెయిర్ డ్రైయరుతో కాస్త వెచ్చచేసి, టేపును వెనక్కి మడిచి, మెల్లగా ఏటవాలుగా లాగాలి.