ట్రైలర్ లాగడం సరే, ఆపేదెవరు?

పోయిన ఏడాది ఒక వాడిన ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొన్నాం, 22 అడుగులది. మేముండేది డల్లాస్ దగ్గర. పిల్లలకి కొలరాడో కొండలు చూపించాలని మా ఆవిడ ఎప్పట్నుంచో అంటోంది, హోటళ్ల ఖర్చు లెక్కేసుకుని నేనూ ఊ అన్నాను. అమ్మినాయన కాగితం చూపించి 4200 పౌండ్లేనన్నాడు, మా ఎస్‌యూవీ 5000 లాగుతుంది, ఇంకేం కావాలి అనుకున్నా.

ఆ 4200 ఖాళీ బరువని తర్వాత తెలిసింది. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే అదే 330 దాకా వచ్చింది. రెండు గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, సైకిళ్లు, బియ్యం, కుక్కర్, ఇడ్లీ పాత్ర (ఇడ్లీ పాత్ర లేకుండా మా ఇంట్లో ప్రయాణం ఉండదు), అన్నీ సర్ది ట్రక్ స్టాప్‌లో లారీలు తూచే క్యాట్ స్కేల్ ఎక్కిస్తే ట్రైలర్ ఒక్కటే 5060 తేలింది.

అసలు దెబ్బ పేలోడ్ దగ్గర తగిలింది. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని. మా బండికి 1310 పౌండ్లు. ట్రైలర్ ముందుభాగం హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు కూడా ఇందులోకే వస్తుందని నాకెవరూ చెప్పలేదు. మేం నలుగురం 540, హిచ్ మీద పడేది 620, ఆ మోపే బరువుని అన్ని చక్రాలకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ సొంత బరువు 90, ఇంక మిగిలింది 60. మా కూలర్‌కే చాలదు. ఎస్‌యూవీ అమ్మేసి పాత పికప్ ట్రక్ తీసుకున్నాం.

ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. అంతెందుకో నాకు ఫోన్లో మా నాన్న చెప్పిందాకా సరిగ్గా ఎక్కలేదు. "ఎడ్లబండికి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దు మెడకి బిగుసుకుంటుంది, ముందెక్కువైతే మెడ పుండవుతుంది, నొగ ఎత్తి చూసుకునే బయల్దేరేవాళ్లం కదరా" అన్నాడు. ట్రైలర్‌కీ అంతే, ముందు బరువు తగ్గితే హైవే మీద పెద్ద లారీ పక్కనుంచి దాటినప్పుడల్లా తోక ఆడించడం మొదలుపెడుతుంది. అప్పుడు బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలేసి, బ్రేక్ కంట్రోలర్ (డ్రైవర్ దగ్గరుండి ట్రైలర్ బ్రేకులకి కరెంటు పంపే పెట్టె) మీదున్న మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి.

ఇక కంట్రోలర్. టెక్సస్‌లో ట్రైలర్ 4500 పౌండ్లు దాటితే బ్రేకులు ఉండాల్సిందే, కాలిఫోర్నియాలో అయితే 1500కే. మా ట్రైలర్ బ్రేకు డ్రమ్‌ల లోపల అయస్కాంతాలుంటాయి, ఎంత కరెంటు పంపితే అంత గట్టిగా పట్టుకుంటాయి. 4 పిన్నుల ప్లగ్‌లో లైట్ల వైర్లే ఉంటాయి, బ్రేకులకి 7 పిన్నులది కావాలి. నేను మొదట చవగ్గా వస్తోందని టైమ్ డిలే కంట్రోలర్ పెట్టించాను. అది నువ్వు మెల్లగా తొక్కావా, గట్టిగా తొక్కావా చూసుకోదు, కాలు పెట్టగానే ముందే సెట్ చేసినంత కరెంటు వరకూ పెంచుకుంటూ పోతుంది. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ వెనకనుంచి ఎవరో జుట్టు పట్టి లాగినట్టుండేది. నెల తిరక్కుండా పీకేసి ప్రపోర్షనల్‌ది పెట్టా, అది ట్రక్ ఎంత తగ్గుతుందో కొలిచి అంతే పంపుతుంది. ఇందులో మాత్రం పిసినారితనం వద్దు.

సెట్ చేయడానికి ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్ లాట్‌కి వెళ్లాం. 25 మైళ్ల స్పీడులో మీట పూర్తిగా నొక్కితే చక్రాలు కీచుమని బిగుసుకున్నాయి, బయట నిలబడ్డ మావాడు "నాన్నా, పొగ!" అని అరిచాడు. గెయిన్ (బ్రేకులకి ఎంత కరెంటు వెళ్లాలో పెట్టే సెట్టింగ్) కొంచెం కొంచెం తగ్గిస్తూ, బిగుసుకోవడానికి ఒక్క మెట్టు ముందు ఆపాను. తర్వాత ప్లగ్ తీసేసి బ్రేకవే పిన్ను లాగి చూశాం. హిచ్ ఊడిపోతే ట్రైలర్ సొంత బ్యాటరీతో బ్రేకులు వేసేది అదే. ఆ పిన్నుకి కట్టిన తీగ రెండో కొసని పాత ఓనరు సేఫ్టీ చైనుకే తగిలించి ఉంచాడు! చైను తెగిన రోజు ఆ పిన్నుని లాగేదెవరు? తీగని ట్రక్ ఫ్రేముకి మార్చాను.

జూన్‌లో అమరిల్లో మీదుగా వెళ్లి న్యూ మెక్సికో, కొలరాడో సరిహద్దులోని రేటన్ పాస్ అనే కనుమ ఎక్కాం. దిగేటప్పుడు ట్రక్‌ని బరువు లాగేటప్పుడు వాడే టో హాల్ మోడ్‌లో పెట్టి, చిన్న గేర్‌లో ఇంజన్‌కే పని అప్పజెప్పి, బ్రేకు అప్పుడప్పుడూ మాత్రమే తొక్కాను, ఎడతెగకుండా తొక్కితే డ్రమ్‌లు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ట్రినిడాడ్‌లో పెట్రోలు కోసం ఆగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశా. మూడు వెచ్చగా ఉన్నాయి, కుడివైపు వెనకది చల్లగా ఉంది. కింద దూరి చూస్తే యాక్సిల్ దగ్గర వైరు ఒరుసుకుని తెగిపోయింది. అరగంట పట్టింది అతకడానికి, పిల్లలు ఈలోపు ఇడ్లీలన్నీ ఖాళీ చేశారు.