"తిన్నావా?"ని ఇంగ్లీషులో అడగడం: ప్రెజెంట్ పర్ఫెక్ట్ నాకు పట్టుబడిన తీరు

మన ఇళ్ళలో రోజుకు నాలుగుసార్లు వినిపించే "తిన్నావా?" అన్న ప్రశ్నకు ఇంగ్లీషులో రెండు రూపాలున్నాయి. "హ్యావ్ యూ ఈటెన్?" అంటే ఇప్పుడు నీ ఆకలి సంగతేమిటి, వడ్డించనా అని. "డిడ్ యూ ఈట్?" అంటే ఫలానా అప్పుడు, పెళ్ళిలోనో రైల్లోనో, తిన్నావా అని. తెలుగులో 'తిన్నావా' ఒక్కటే ఈ రెండు పనులూ చేసేస్తుంది. అందుకే మనకు మొదటి రూపం, అంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనే టెన్స్ దగ్గర కాలు జారుతుంది.

బళ్ళో "ఐ హ్యావ్ ఈటెన్ అంటే నేను తినియున్నాను" అని రాయిస్తారు. 'తినియున్నాను' అని మాట్లాడేవాళ్ళను నేను చూడలేదు. నోటికి వచ్చేది 'తిన్నాను', దాని వెంటే వచ్చేది 'ఐ ఏట్'. కాబట్టి ఆ సమీకరణం ఎంత బట్టీపట్టినా మాట్లాడేటప్పుడు అక్కరకు రాదు. నేను దాన్ని పక్కన పెట్టి, మనం నిజంగా మాట్లాడే తెలుగులో ఏ మాట తగిలినప్పుడు ఇంగ్లీషులో 'హ్యావ్' రావాలో వెతుక్కుంటూ వెళ్ళాను. అలా దొరికిన గుర్తులే ఇవి.

ముందు 'హ్యావ్' ఏమిటో తేల్చుకోవాలి. అది వర్తమాన క్రియ. పాతకాలపు ఇంగ్లీషులో ఈ రూపం 'నా దగ్గర ఉత్తరం ఉంది, రాసిన ఉత్తరం' అన్న అర్థంతో మొదలైంది. మన 'రాసిపెట్టాను' దానికి కాస్త దగ్గరి చుట్టం. ఆ తర్వాతే అది 'రాశాను, ఇదిగో' అన్న అర్థానికి జరిగింది. పేరులో 'ప్రెజెంట్' అని ఉన్నది ఊరికే కాదు. "ఐ హ్యావ్ లాస్ట్ మై కీస్" అంటే తాళాలు ఇప్పటికీ దొరకలేదు, తలుపు బయటే నిలబడ్డాను. "ఐ లాస్ట్ మై కీస్" అన్నప్పుడు ఆ తర్వాత దొరికి ఉండొచ్చు కూడా. పని ఎంతసేపటి క్రితం జరిగిందన్నది లెక్కలోకి రాదు. పదేళ్ళ కిందటి పనైనా ఇప్పటి సంగతి చెప్పడానికి వాడుతుంటే 'హ్యావ్' పడుతుంది. రెండు నిమిషాల కిందటిదైనా "టూ మినిట్స్ ఎగో" అని చెప్పారంటే 'హ్యావ్' పడదు. "కొంచెం ముందు జరిగితే పర్ఫెక్ట్, చాలా ముందు జరిగితే పాస్ట్" అని చెప్పే సూత్రం తప్పు. దాన్ని వదిలించుకోవడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది.

దీని నుంచే మొదటి పరీక్ష వస్తుంది. వాక్యంలో 'ఎప్పుడు?' అన్న ప్రశ్నకు జవాబు ఉందా? నిన్న, మొన్న, పోయినవారం, 2019లో, రెండేళ్ళ క్రితం, చిన్నప్పుడు: వీటిలో ఏదున్నా 'హ్యావ్' తీసేయాలి. మన వాళ్ళ ఇంటర్వ్యూల్లో, రెజ్యూమేల్లో కనిపించే "ఐ హ్యావ్ కంప్లీటెడ్ బీటెక్ ఇన్ 2019" అన్న వాక్యం ఇక్కడే దొరికిపోతుంది. ఏడాది చెప్పాలనుకుంటే "ఐ కంప్లీటెడ్ బీటెక్ ఇన్ 2019". ఏడాది చెప్పకుండా చదువు చేతిలో ఉందని మాత్రం చెప్పాలంటే "ఐ హ్యావ్ కంప్లీటెడ్ బీటెక్". రెండూ సరైనవే, రెండూ కలిపితే తప్పు. ఆఫీసు మెయిళ్ళలో రోజూ కనిపించే "ఐ హ్యావ్ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే" కూడా ఇదే జాతి.

ఇవాళ, ఈ వారం, ఈ నెల, ఇప్పటివరకు లాంటి మాటలు వేరు. ఆ గడువు ఇంకా అయిపోలేదు కాబట్టి 'హ్యావ్'కి చోటుంది. "ఐ హ్యావ్ హ్యాడ్ త్రీ కాఫీస్ టుడే" అంటే రోజు ఇంకా మిగిలే ఉంది, నాలుగోది తాగొచ్చు. 'దిస్ మార్నింగ్' కొంచెం జాగ్రత్తగా చూడాల్సిన మాట. పదకొండింటికి "ఐ హ్యావ్‌న్ట్ సీన్ హిమ్ దిస్ మార్నింగ్" అనొచ్చు, మధ్యాహ్నం మూడింటికి అదే మాట "ఐ డిడ్‌న్ట్ సీ హిమ్ దిస్ మార్నింగ్" అవుతుంది. 'ఇవాళ' ఉన్నా సరే, గడియారం చూసి "ఏడింటికి లేచాను" అంటే మళ్ళీ పాస్టే.

ప్రశ్నల్లో ఇదే తేడాను తెలుగు 'ఐనా'తో చూపిస్తుంది. 'ఎప్పుడు వచ్చావు?' అంటే "వెన్ డిడ్ యూ కమ్?" 'ఎప్పుడైనా వచ్చావా?' అంటే "హ్యావ్ యూ ఎవర్ బీన్ హియర్?" 'ఎప్పుడైనా' తగలగానే 'హ్యావ్ యూ ఎవర్', 'ఎప్పుడు' తగలగానే 'వెన్ డిడ్'. "వెన్ హ్యావ్ యూ కమ్?" అన్నది మనవాళ్ళ నోట తరచూ వచ్చే తప్పు. అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫారం చూసినవాళ్ళకు ఈ జత వెంటనే అర్థమవుతుంది. "హ్యావ్ యూ ఎవర్ బీన్ ఇన్ ద యూఎస్?" అని మొదట అడుగుతుంది. అవునంటే అప్పుడు తేదీలు అడుగుతుంది. మాట్లాడేటప్పుడూ అదే వరస. అనుభవం ఉందా లేదా అన్నది హ్యావ్‌తో తేలాక, వివరాలన్నీ పాస్ట్‌లో నడుస్తాయి.

ఆ వరస తప్పడం వల్ల వచ్చే ఇబ్బంది కొత్తగా ఈ టెన్స్ నేర్చుకున్నవాళ్ళలో ఎక్కువ. బండి పోయిందనుకోండి. "సమ్‌బడీ హ్యాజ్ స్టోలెన్ మై బైక్" అని మొదలుపెట్టడం సరైనదే, అది ఇప్పటి కబురు. అక్కడి నుంచి "ఐ హ్యావ్ పార్క్‌డ్ ఇట్ నియర్ ద బ్యాంక్, ఐ హ్యావ్ లాక్‌డ్ ఇట్" అని సాగదీస్తే వినేవాళ్ళు తికమకపడతారు. మొదటి వాక్యం తర్వాత "ఐ పార్క్‌డ్, ఐ లాక్‌డ్, ఐ కేమ్ బ్యాక్" అని దిగిపోవాలి. హ్యావ్‌ది తలుపు తీసే పని. లోపలి కథ నడిపించేది పాస్ట్.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ తప్పులు చేయించే చోటికి వద్దాం. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్." మన నోటికి ఇంత సహజంగా వచ్చే తప్పు ఇంకోటి లేదు. పైగా ఇందులో ఉన్నవి రెండు తప్పులు. 'ఐదేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను' అన్నదాన్ని మాటకు మాట మార్చడం వల్ల రెండూ వచ్చాయి.

మొదటిది క్రియ. తెలుగులో 'పనిచేస్తున్నాను' అంటే చాలు, పక్కన ఎంతకాలం చేర్చినా రూపం మారదు. ఇంగ్లీషులో ఎంతకాలమో చెప్పగానే 'యామ్ వర్కింగ్' కాస్తా 'హ్యావ్ బీన్ వర్కింగ్' కావాలి. కాబట్టి నేను పెట్టుకున్న గుర్తు ఇది: '-తున్నాను'తో పాటు కాలపరిమాణం వినిపిస్తే 'హ్యావ్ బీన్ -ఇంగ్', వినిపించకపోతే 'యామ్ -ఇంగ్'. తెలుసు, ఇష్టం, ఉంది లాంటి మాటలకు తెలుగులోనే '-తున్నాను' అతకదు. ఇంగ్లీషులోనూ వాటికి -ఇంగ్ అతకదు. 'ఆయన నాకు పదేళ్ళుగా తెలుసు' అంటే "ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్". "ఐ యామ్ నోయింగ్ హిమ్" కాదు. డాక్టరు "హౌ లాంగ్ హ్యావ్ యూ హ్యాడ్ ద ఫీవర్?" అని అడిగితే జవాబు "ఫర్ త్రీ డేస్".

రెండోది 'నుంచి'. మన 'నుంచి' ఇంగ్లీషు 'సిన్స్', 'ఫర్' రెండింటి పనీ చేస్తుంది. 'రెండు గంటల నుంచి చూస్తున్నాను' అంటే మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాడా, రెండు గంటలసేపు అయిందా? వాక్యం చూసి చెప్పలేం. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీస్తుంది. మొదలైన బిందువు చెప్తే సిన్స్, గడిచిన పొడవు చెప్తే ఫర్. మాట్లాడేటప్పుడు బిందువా పొడవా అని ఆలోచించే తీరిక ఉండదు. అందుకని తెలుగులోనే ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. 'నుంచి' తీసేసి అక్కడ 'గా' పెట్టి చూడండి. మూడు రోజుల నుంచి, మూడు రోజులుగా: అతికింది, కాబట్టి ఫర్. చాలాకాలం నుంచి, చాలాకాలంగా: ఇదీ ఫర్. సోమవారం నుంచి అన్నచోట 'సోమవారంగా' అనలేం, కాబట్టి సిన్స్. పొద్దుటి నుంచి, 2015 నుంచి, చిన్నప్పటి నుంచి, పెళ్ళయినప్పటి నుంచి: వేటికీ 'గా' అతకదు, అన్నీ సిన్స్. తెలుగు పుట్టుకతో వచ్చిన వాళ్ళకు ఈ 'గా' చెవికే తెలిసిపోతుంది, వ్యాకరణం తలచుకునే పనే లేదు.

ఫర్ గురించి ఇంకొక మాట. ఫర్ కనిపిస్తే చాలు పర్ఫెక్ట్ అని చెప్పే చిట్కాను నమ్మొద్దు. "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" మంచి వాక్యమే. అర్థం మాత్రం అక్కడ మానేశానని. ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఇంటర్వ్యూలో ఈ వాక్యం అంటే, వాళ్ళు రాజీనామా చేసేశారని ఎదుటివాళ్ళు అనుకుంటారు. 'పనిచేశాను', 'పనిచేస్తున్నాను' అని తెలుగులో మనం చూపించే తేడా ఇంగ్లీషులో ఇక్కడ ఉంది.

'చూసి ఐదేళ్ళయింది' అనే వాక్యం అంటే నాకు చాలా ఇష్టం. చూడటం ఒక చివర, ఇవాళ మరో చివర, మధ్యలో ఐదేళ్ళు. ప్రెజెంట్ పర్ఫెక్ట్ భావమంతా అందులోనే ఉంది. "ఇట్స్ బీన్ ఫైవ్ ఇయర్స్ సిన్స్ ఐ సా హిమ్." సిన్స్ తర్వాత వచ్చిన క్రియ పాస్ట్‌లో ఉందని గమనించండి. చూసిన బిందువు అది.

వెళ్ళడం దగ్గర తెలుగు మనకు గట్టి సాయం చేస్తుంది. 'ఢిల్లీ వెళ్ళాడు' అంటే ఇంకా అక్కడే ఉన్నాడు: "హీ హ్యాజ్ గాన్ టు ఢిల్లీ". 'ఢిల్లీ వెళ్ళొచ్చాడు' అంటే తిరిగొచ్చేశాడు: "హీ హ్యాజ్ బీన్ టు ఢిల్లీ". ఎదురుగా నిలబడి "ఐ హ్యావ్ గాన్ టు తిరుపతి" అంటే అర్థం కుదరదు, తిరుపతిలో ఉన్న మనిషి ఇక్కడెలా మాట్లాడతాడు?

'ఇంకా రాలేదు'లోని 'లేదు'కు కాలభేదం లేదు. 'నిన్న రాలేదు' అంటే "డిడ్‌న్ట్ కమ్", 'ఇంకా రాలేదు' అంటే "హ్యాజ్‌న్ట్ కమ్ యెట్". 'ఇంకా', 'లేదు' జతగా వస్తే హ్యావ్, నాట్, యెట్ మూడూ రావాలి. 'ఇప్పుడే' అంటే జస్ట్, 'ఇప్పటికే' అంటే ఆల్రెడీ. ఇవి రెండూ హ్యావ్‌కీ క్రియకూ మధ్యలో కూర్చుంటాయి, యెట్ మాత్రం మామూలుగా చివరికి పోతుంది. 'ఇది తినడం ఇదే మొదటిసారి' అన్నప్పుడు కూడా "దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ హ్యావ్ ఈటెన్ దిస్" అనాలి. "ఐ యామ్ ఈటింగ్" అని మన నోటికి వస్తుంది.

చనిపోయిన మనుషుల గురించి రాసేటప్పుడు కర్తను చూసుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఏడాది చెప్పకపోయినా "కాటన్ హ్యాజ్ బిల్ట్ ద ఆనికట్" అనకూడదు. ఆయన ఇప్పుడు లేరు, కాబట్టి "కాటన్ బిల్ట్". కానీ "ద ఆనికట్ హ్యాజ్ చేంజ్డ్ ద గోదావరి డెల్టా" నిక్షేపంగా అనొచ్చు. ఆ పచ్చదనం ఇవాళ్టికీ కళ్ళెదుట ఉంది.

ఇవన్నీ తెలిసినా నోట్లో వీ త్రీ (ఈటెన్, సీన్ లాంటి క్రియ మూడో రూపం) లేకపోతే వాక్యం మధ్యలో ఆగిపోతుంది. "ఐ హ్యావ్ వెంట్", "ఐ హ్యావ్ రోట్", "ఐ హ్యావ్ కేమ్" అన్నీ వీ టూ (పాస్ట్‌లో వాడే రెండో రూపం) చొరబడ్డ వాక్యాలు. అక్షరక్రమంలో పట్టిక బట్టీపట్టడం వృథా. శబ్దాన్ని బట్టి గుంపులు చేసుకుంటే త్వరగా ఎక్కుతుంది. డ్రింక్-డ్రాంక్-డ్రంక్, సింగ్-సాంగ్-సంగ్, బిగిన్-బిగాన్-బిగన్ ఒక గుంపు. కమ్-కేమ్-కమ్, రన్-రాన్-రన్‌లో మొదటిదే మూడోది. కట్, పుట్, హిట్, షట్ అసలు మారవు. రీడ్ రాతలో మారదు, పలకడంలో రీడ్-రెడ్-రెడ్. బ్రింగ్ మొదటి గుంపులా కనిపించి మోసం చేస్తుంది. అది బ్రింగ్-బ్రాట్-బ్రాట్. రోజూ వాడే ఓ అరవై క్రియలు ఇలా పట్టుబడితే మిగతావాటిలో చాలావరకు -ఈడీతో సరిపెట్టుకోవచ్చు.

సాధనకు నేను వాడినది నాలుగు వాక్యాల గొలుసు. "హ్యావ్ యూ సీన్ ద డాక్టర్?" "యెస్, ఐ హ్యావ్." "వెన్ డిడ్ యూ సీ హిమ్?" జవాబు "ఐ సా హిమ్ ఆన్ మండే." రోజుకు ఒక క్రియ తీసుకుని ఇలాంటి గొలుసులు పది, పైకి చదువుతూ. హ్యావ్ వాక్యాలను విడిగా సాధన చేస్తే అన్నిచోట్లా హ్యావ్ పెట్టే జబ్బు వస్తుంది. పక్కనే డిడ్ ఉంటే మలుపు ఎక్కడుందో నాలుకకు అలవాటవుతుంది.

వినడంలో చిక్కు వేరు. మాటల్లో "ఐ హ్యావ్ సీన్" అని విడదీసి పలికేవాళ్ళు తక్కువ, "ఐవ్ సీన్" అంటారు. ఆ చివరి 'వ్' మన చెవికి అందక "ఐ సీన్" అని వినిపిస్తుంది, అదే మనం నేర్చుకుంటాం. "హీజ్" కూడా అంతే, హీ ఈజ్ కావచ్చు, హీ హ్యాజ్ కావచ్చు. "హీజ్ కమింగ్"లో ఈజ్, "హీజ్ ఈటెన్"లో హ్యాజ్. తర్వాత వచ్చే క్రియను బట్టే తెలుసుకోవాలి.

అమెరికాలో "డిడ్ యూ ఈట్ యెట్?", "ఐ ఆల్రెడీ ఏట్" అని మామూలుగా అంటారు, అక్కడ అది తప్పు కాదు. జస్ట్, ఆల్రెడీ, యెట్ దగ్గర వాళ్ళు పాస్ట్‌ను రానిస్తారు. బ్రిటన్‌లో "హ్యావ్ యూ ఈటెన్ యెట్?" అనడమే ఎక్కువ. విదేశీ చదువులకు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో ఏ పద్ధతి వాడినా ఒప్పుకుంటారు. ఇప్పటికీ సాగుతున్న పనికి ఐదేళ్ళ లెక్క చెప్పాల్సి వస్తే మాత్రం అమెరికాలోనైనా హ్యావ్ తప్పదు.