మొదలు వాళ్ళ పెరట్లో, తల మా వంటింటి మీద

మా వంటింటి రేకు మీద కొబ్బరికాయ పడిన చప్పుడు నేను ఫోన్‌లో విన్నాను. నేను విజయనగరంలో, అమ్మ శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలోని మా ఊళ్ళో. కందిపప్పు ధర గురించి ఏదో చెబుతోంది. మధ్యలో ఢామ్మని శబ్దం, ఆ తర్వాత అమ్మ మాట వినపడలేదు. "ఏం లేదురా, కాయ పడింది" అని ఆమె అనేలోపు నాకు ఒళ్ళంతా చెమట పట్టేసింది. మర్నాడు వెళ్ళి చూస్తే సిమెంటు రేకుకి పిడికిలి దూరేంత కన్నం. దాని కింద సరిగ్గా స్టవ్వు. ఇది 2024 జూన్ మాట.

చెట్టు మావయ్యది. చుట్టరికమేమీ లేదు, పక్కింటాయన. అమ్మ ఆయన్ని అన్నయ్య అంటుంది కాబట్టి నాకు మావయ్య. మా రెండిళ్ళ మధ్య కంచె పొడుగునా ఆయనకి పద్నాలుగు కొబ్బరి చెట్లుండేవి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటాక మూడు మిగిలాయి. రెండు నిటారుగా ఉన్నాయి, ఒకటి మా వైపు వాలిపోయింది. ప్రభుత్వం చెట్టుకి 1,500 చొప్పున ఇచ్చిన పరిహారం పడిపోయిన చెట్లకే వచ్చింది. ఇది పడలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. వాలి కూడా కాపు మానలేదు. దాని మీద ఆయనకి అంత పట్టుదల ఎందుకో అప్పట్లో నా బుర్రకెక్కలేదు.

నేను చేసిన మొదటి తప్పు, ఆ కన్నం ఫోటో పట్టుకుని అదే కోపంతో వాళ్ళింటికి వెళ్ళడం. మావయ్య ఫోటో కూడా చూడలేదు.

"ఆ సెట్టు ఏటి సేసింది అల్లుడూ? పదకొండు సెట్లు పోనాయి, ఇది నిలబడింది. ఆరేళ్ళయింది, పడిందా? నీ రేకు డబ్బులు నానిస్తాను, తీసుకో."

రేకు డబ్బులు నాకెందుకు! నా టెన్షన్ అంతా అక్టోబర్ గురించి. మా వైపు అక్టోబర్ అంటే తుపాన్లే. 2013లో ఫైలిన్ 12న, 2014లో హుద్‌హుద్ 12న, 2018లో తిత్లీ 11న. కొబ్బరికి తల్లివేరు ఉండదు, అన్నీ పీచు వేళ్ళే. ఈ చెట్టుకి వాలిన వైపు వేళ్ళు మట్టిలోనే ఉన్నాయి, అటువైపు వేళ్ళు మాత్రం జానెడు పైకి లేచి కనబడుతున్నాయి.

ఊళ్ళో పెద్దలు వల కట్టించుకోమన్నారు. కాయలకి వల సరే, చెట్టుకి? విజయనగరంలో నా స్నేహితుడొకడు చెట్టు చచ్చేలా దాని మొదలు దగ్గర బెజ్జం వేసి ఇంగువ పెట్టమన్నాడు, ఎవరికీ తెలియదట. అలాంటి సలహాలు ఇచ్చేవాళ్ళెవరూ పక్కింటివాళ్ళ మొహం రోజూ చూడక్కర్లేదు.

గ్రామ సచివాలయంలో పంచాయతీ కార్యదర్శి ఓపిగ్గా విని, ఇద్దరి సొంత జాగాల మధ్య గొడవ కాబట్టి తాను మాట్లాడి చూడగలనే గానీ నరికించలేనన్నాడు. అప్పుడు సోంపేటలో ఒక లాయరు దగ్గరికి వెళ్ళాను. ఆ గంటలో నేను నేర్చుకున్నది ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

పక్కవాళ్ళ చెట్టు కొమ్మ మన హద్దులోకి వస్తే, మన జాగాలో నిలబడి హద్దు వరకు కొట్టుకోవచ్చట. వాళ్ళ జాగాలో కాలు పెట్టకూడదు, హద్దు దాటి ఒక్క రెమ్మ కూడా ఎక్కువ కొట్టకూడదు. కొట్టిన కొమ్మ, దాని కాయలు చెట్టున్నవాళ్ళవే, మనం ఉంచుకోకూడదు. మామిడికో పనసకో అయితే ఈ మాటతో పని అయిపోయేది. కొబ్బరికి కొమ్మలేవీ? నా వైపు ఉన్నది కొమ్మ కాదు, చెట్టు తలకాయే. గాలిలో హద్దు గీసి అక్కడికి మాను నరికితే చెట్టే పోతుంది. లాయరు కూడా నవ్వాడు.

రెండో దారి సివిల్ కోర్టు. తొలగించమని ఆదేశం అడుగుతూ దావా వేయొచ్చు, కానీ అది అక్టోబర్ లోపు తేలదు. మూడోది నాకు అసలు తెలియని దారి. పడిపోయి చుట్టుపక్కల వాళ్ళకో దారిన పోయేవాళ్ళకో దెబ్బ తగిలేలా ఉన్న చెట్టు గురించి ఆర్డీఓకి అర్జీ పెట్టుకోవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 133వ సెక్షన్. దాని బదులు 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152. మాకు ఆర్డీఓ ఆఫీసు పలాసలో. అధికారి విచారించి చెట్టుని తీసేయమనో, దానికి ఆధారం కట్టమనో ఆదేశిస్తారు. చెట్టు యజమాని తన అభ్యంతరం చెప్పుకోవచ్చు. తీసేయమనే కాదు, ఆధారం కట్టమని కూడా అనొచ్చన్న మాట నేను గట్టిగా పట్టుకున్నాను. మావయ్యతో బేరానికి అది పనికొస్తుందనిపించింది. కరెంటు స్తంభానికి కట్టినట్టు స్టే వైరు కడితే? మొత్తం చెట్టుని ఆపేంత గట్టి ఆధారమేదీ అటువైపు లేదని తర్వాత తేలిందనుకోండి.

అర్జీ టైపు చేయించి, రేకు ఫోటో, వేళ్ళ ఫోటో, తేదీలు అన్నీ జతచేశాను. పలాస బస్సెక్కుతుంటే అమ్మ ఆపింది. "చెప్పకుండా కాగితం పెడితే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కగలనా? ముందు అన్నయ్యకి చదివి వినిపించు."

వినిపించాను. మావయ్య అరుగు మీద కూర్చుని చివరిదాకా విన్నాడు. సెక్షన్లకి ఏమీ అనలేదు. ఒక్క మాట దగ్గర మాత్రం ఆగమన్నాడు.

"ప్రతివాది అంటే నానేనా?"

అవునన్నాను. తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. అత్తయ్య నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ మజ్జిగ తాగడం కన్నా కష్టమైన పని నేను ఈ మధ్య చేయలేదు.

ఆ రోజు అర్జీ పెట్టలేదు. వారం తర్వాత కాయలు దింపే కుర్రాడు వచ్చాడు. అతను ఆ చెట్టెక్కినప్పుడు నాకో ఆలోచన వచ్చి, మొవ్వు దగ్గర నుంచి తాడుకి కాయ కట్టి కిందికి వదలమన్నాను. మావయ్య కంచె దగ్గరే నిలబడి చూస్తున్నాడు. తాడు ఊగుతూ ఊగుతూ దిగి, చివరికి మా వంటింటి రేకు మీద ఆగింది. కంచె నుంచి కొలిస్తే ఏడడుగులు లోపలికి. మావయ్య కంచె దాటి వచ్చి, ఆ కాయ ఉన్న చోట కిందికి వంగి, రేకు కన్నానికి వేసిన అతుకు చూశాడు. అప్పటిదాకా ఆయన దాన్ని చూడనేలేదు. "సెల్లి ఇక్కడే వండుతాదా?" అని అడిగాడు.

ఆ సాయంత్రం ఆయనే మాటెత్తాడు. బేరం గంటన్నర పట్టింది, అందులో డబ్బు గురించి పది నిమిషాలే. చెట్టు కొట్టే కూలి నాది. చెట్టుకి ఆయనకి ఆరు వేలు. కాయలు, మాను ఆయనవి. మిగతా సమయమంతా ఆయన ఏ చెట్టు వాళ్ళ నాన్న ఎప్పుడు వేశాడో చెప్పాడు. ఈ వాలిన చెట్టు మావయ్య పెళ్ళయిన ఏడు వేసినదట. అది ముందే చెప్పి ఉంటే నేను ఆ ఫోటో పట్టుకుని వెళ్ళేవాణ్ణి కాదేమో. తెల్లకాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. ప్రతివాది అన్న మాట ఎక్కడా లేకుండా చూశాను. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం సంగతి చూసుకోమని లాయరు చెప్పాడు కాబట్టి సచివాలయంలో ఒక అర్జీ ఇచ్చాం.

కొట్టిన రోజు గురించి ఒక్క హెచ్చరిక. మా ఇంటికొచ్చే సర్వీసు వైరు సరిగ్గా ఆ చెట్టు కిందే. ముందే 1912కి ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని కరెంటు ఆపించేదాకా కత్తి ముట్టుకోనివ్వలేదు. వాలిన చెట్టుని మొదలు దగ్గర నరకకూడదు, అది వాలిన వైపే పడుతుంది. కుర్రాడు ఎక్కి మొదట గెలలు, తర్వాత మట్టలు ఒక్కొక్కటే కోసి తాడుతో దింపాడు. తర్వాత తల. ఆ తర్వాత మాను మూడేసి అడుగుల ముక్కలుగా, ప్రతి ముక్కకీ ముందు తాడు కట్టి, అటువైపున్న నిటారు చెట్టుకి చుట్టి, ముగ్గురు పట్టుకుని వదిలారు. తలలో ఎలుక గూడు ఉంది, కొమ్ము పురుగు తిన్న తొర్ర కూడా. మొవ్వు మాత్రం తెల్లగా, మెత్తగా ఉంది. అత్తయ్య ముక్కలు కోసి రెండిళ్ళలోనూ పంచింది. మావయ్య తినలేదు.

ఆ అక్టోబర్‌లో అమ్మ నిశ్చింతగా పడుకుంది. మార్చి వచ్చేసరికి కొత్త ఫిర్యాదు మొదలైంది. నీడ పోయి వంటింటి రేకులు కాలిపోతున్నాయట, పొయ్యి దగ్గర నిలబడలేకపోతోందట. మావయ్యని అడిగి, మిగిలిన రెండు చెట్ల మట్టలు పది తెచ్చి రేకుల మీద పరిచాను. ఒకటి తక్కువైతే ఆయనే భుజాన వేసుకుని తెచ్చి ఇచ్చాడు.