కాంచనబురికి తీసుకెళ్లిన పంచె

బ్యాంకాక్‌లోని థోన్‌బురి స్టేషన్లో టికెట్టు దగ్గరే ఒళ్లు మండింది. నాకు వంద బాట్లు. నా ముందు నిలబడిన థాయ్ ముసలావిడ అందులో సగం కూడా ఇవ్వలేదు. విదేశీయులు ఎక్కడ దిగినా వందేనట. ఆ వందకు దొరికింది ఏసీ లేని మూడో తరగతి పెట్టె, పైకీ కిందికీ కదలనని మొండికేసిన కిటికీ. ఏడూ యాభై బండి ఎనిమిది దాటాక కదిలింది. నగరం దాటేసరికి జూలై వాన మొహాన కొడుతోంది. సంచిని ఒళ్లో పెట్టుకుని, దాని మీదికి వంగి కూర్చున్నాను. అందులో ఒక పొందూరు పంచె ఉంది. కొని పాతికేళ్లు దాటింది, ఎవరూ ఒక్కసారి కూడా కట్టలేదు.

మాది ఉద్దానం. తాతయ్య, ఆయన అన్న కొబ్బరి తోటల్లో పుట్టి, ఓడెక్కి మలయా వెళ్లి, బాగన్ డతో దగ్గర మళ్లీ కొబ్బరి తోటలోనే కూలికి కుదిరారు. 1942లో మలయాను పట్టుకున్న జపాన్ సైన్యం, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకు రైలుమార్గం వేయడానికి తోటల్లోంచి మనుషులను తోలుకుపోయింది. మూడు నెలల పని అని చెప్పారట. ఇంటికొకరు రావాలన్న రోజున తాతయ్యకు జ్వరం, అందుకని పెదతాతయ్య వెళ్లాడు. తిరిగి రాలేదు. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ. ఆ రోజు తాతయ్యకు జ్వరమేమీ లేదన్న సంగతి మాత్రం ఆయన పోయాక నానమ్మ చెబితే తెలిసింది.

సంక్రాంతికి మా వైపు పోయిన పెద్దలకు కొత్త బట్టలు పెడతారు. తాతయ్య ఏటా అన్నకని ఒక పంచె కొనేవాడు కానీ పెద్దల ముందు పెట్టేవాడు కాదు. పెడితే పోయాడని ఒప్పుకున్నట్టేగా. నేరుగా ట్రంకు పెట్టెలోకి వెళ్లేది. ఆయన పోయాక నాన్న అవన్నీ పంచిపెట్టి, ఒక్కటి ఉంచారు. నేను బ్యాంకాక్ వెళ్తున్నానని తెలిసి, “అక్కడ ఆయన పోయిన చోట పెట్టి రా” అన్నారు.

పోయిన చోటు ఎక్కడని? ఆ మార్గం పొడవు 415 కిలోమీటర్లు.

ఆ మార్గం మీదిదే కాంచనబురి వంతెన. అక్కడ తిరునాళ్లలా ఉంది. రంగురాళ్లు, టీషర్టులు, పట్టాల మధ్య నిలబడి పెళ్లి ఫొటోల వాళ్లలా వయ్యారాలు పోయే జనం. అందరూ దీన్ని క్వే నది వంతెన అంటారు కానీ, అసలు ఈ నది పేరే క్వే కాదు, మే క్లాంగ్. ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ అనే హాలీవుడ్ సినిమా చూసి వచ్చే వాళ్లు క్వే నది ఎక్కడని అడుగుతున్నారని 1960లలో ఈ పాయకు ఆ పేరు పెట్టేశారు. కొబ్బరి బోండాం అరవై బాట్లు. మా ఊరి రైతు ఆ ధర వింటే నవ్వుతాడో ఏడుస్తాడో.

వంతెన దగ్గరే ఒక జపాన్ మనిషి విగ్రహం ఉంది. నగాసే తకాషి. యుద్ధకాలంలో జపాన్ మిలిటరీ పోలీసుల దగ్గర దుబాసీ. 1943లో దొంగచాటుగా రేడియో తయారుచేశారని పట్టుకున్న, ఈ రైలుమార్గం పనిలో పెట్టిన బ్రిటిష్ యుద్ధఖైదీల్లో ఎరిక్ లోమాక్స్ అనే స్కాట్లండ్ అధికారి ఉన్నాడు. అతని చేతులు విరగ్గొట్టారు, మొహం మీద ఆపకుండా నీళ్లు పోశారు. ప్రశ్నలను ఇంగ్లీషులోకి మార్చి అడిగిన గొంతు నగాసేది. యుద్ధం అయ్యాక ఈ నగాసే మిత్రరాజ్యాల వాళ్ల వెంట ఖైదీల సమాధులు వెతుకుతూ తిరిగాడు, వందసార్లకు పైగా థాయ్‌లాండ్ వచ్చాడు, 1986లో ఇక్కడ శాంతి ఆలయం కట్టించాడు. 1993లో ఇద్దరూ ఈ వంతెన దగ్గరే కలుసుకున్నారు. లోమాక్స్ చివరికి క్షమిస్తున్నానని కాగితం మీద రాసి ఇచ్చాడు.

ఇక్కడిదాకా బాగుంది. నాకు మింగుడుపడనిది అంతకు ముందు సంగతి. ఇక్కడి సైనిక శ్మశానంలో నిలబడినప్పుడు తన పాపం పోయినట్టు, తనకు క్షమ దొరికినట్టు అనిపించిందని నగాసే రాసుకున్నాడు. అది చదివి లోమాక్స్ భార్యకు ఒళ్లు మండి అతనికి ఉత్తరం రాసింది. నీ చేతిలో నలిగిన మనిషి నా ఇంట్లో ఉన్నాడు, అతన్ని అడగకుండా నీకు క్షమ ఎలా దొరికిందని ఆమె కోపం. విగ్రహం ముందు నిలబడి నేను పూర్తిగా ఆమె పక్షాన ఉన్నాను.

ఆ శ్మశానానికి వెళ్లాను. 6,982 సమాధులు. ఒక తోటమాలి గొంతుక్కూర్చుని, చేతికత్తెరతో ఒక కంచు ఫలకం చుట్టూ గడ్డి కత్తిరిస్తున్నాడు. పేరు, పటాలం, వయసు ఇరవై మూడు, కింద ఇంటివాళ్లు రాయించిన ఒక్క వాక్యం. వేళ్లతో అక్షరాల మీది మట్టి తుడిచి పక్క ఫలకానికి జరిగాడు.

పక్కనే గుడి. వాట్ థావోర్న్. మలయా నుంచీ బర్మా నుంచీ తెచ్చిన కూలీల ఎముకలను ఒక్కచోట చేర్చి కట్టిన స్తూపం అక్కడ ఉంది. ఆ మార్గం మీద పోయిన ఖైదీలు దాదాపు పదమూడు వేలు. కూలీలు ఎనభై వేల నుంచి లక్ష వరకు అంటారు. ఆ “నుంచి”, “వరకు” మధ్య తేడా ఇరవై వేల మంది. పెదతాతయ్య ఆ ఇరవై వేలలో ఉన్నాడో, బయట ఉన్నాడో.

సంచి తెరిచి పంచె బయటికి తీశాను. మడతల దగ్గర పసుపురంగు తేలింది. పెట్టేసి దండం పెట్టుకుంటే అయిపోయేది. వంగబోతూ ఆగిపోయాను. ఇక్కడ ఇది పెట్టి, ఇంటికెళ్లి, “పెద్దాయనకు ముట్టింది, తాతయ్య రుణం తీరింది” అని నేను చెబితే, ఇందాక నగాసే మీద పడిన కోపమంతా ఏమవుతుంది? తాతయ్య బతికినంతకాలం తనకు తాను ఇచ్చుకోని క్షమను నేను వంద బాట్ల టికెట్టుతో వచ్చి ఇప్పించడమా? కాదు, ఇది కేవలం ఒక బట్ట, పెట్టేసి వెళ్లు అని కూడా అనిపించింది. అరగంట అటూ ఇటూ తిరిగాను. చీపురు పట్టుకున్న గుడి మనిషి నన్ను చూసి, కానుక ఇవ్వడానికి చోటు వెతుక్కుంటున్నానని కాబోలు, హుండీ వైపు చూపించింది. ఇరవై బాట్లు వేసి పంచె మళ్లీ సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు అదే మార్గంలో ఇంకా ముందుకు, నామ్‌టోక్ దాకా వెళ్లొచ్చాను, దాని గురించి రాయడానికేమీ లేదు. కొండ అంచున చెక్క వంతెన మీద బండి నెమ్మదించగానే అందరూ ఫోన్లు బయటికి చాచారు. నేనూ చాచాను.

తిరుగు బండిలో నాన్న ఫోను.

“పెట్టావా?”

“లేదు నాన్నా.”

చాలాసేపు ఏమీ అనలేదు. లైను పోయిందనుకున్నాను.

“అక్కడ వానలా?” అన్నారు.

“జోరుగా.”

“సరే. తడవకుండా తీసుకురా.”