డ్రాకోని ఎవరు రాశారు?

విజయనగరం వచ్చినప్పటి నుంచీ మా పిన్ని కూతురు నోట డ్రాకో మాల్ఫాయ్ జపమే, హ్యారీ పోటర్ కథల్లో హ్యారీకి పడని కుర్రాడు. "వాడెంత మంచోడో నీకు తెలీదక్కా!" అంటుంది. చదివింది ఎక్కువగా ఫ్యాన్ కథలే, అంటే ఆ పుస్తకాల అభిమానులు సొంతంగా అల్లినవి.

నిన్న డాబా మీద కూర్చుని హ్యారీ పోటర్ ఆరో పుస్తకంలో టవర్ సీన్ కలిసి చదివాం. హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ చేతిలో మంత్రదండం లేదు. డ్రాకో చంపలేడు. ఎత్తిన దండం ఇసుమంత కిందికి దిగినట్టు హ్యారీకి అనిపిస్తుంది. రచయిత్రి రౌలింగ్ ఇచ్చింది అంతే, క్షమాపణ కూడా లేదు. ఫ్యాన్స్ మాత్రం ఆ కాస్త సందులోంచే మనిషిని మొత్తం మార్చేశారు.

నాకు ఆ కథలంటే చిన్నచూపు లేదు. వ్యాస భారతంలో లేని శశిరేఖని 'మాయాబజార్' నుంచి తీసేస్తానంటే నేనే ఊరుకోను. కానీ డ్రాకో ఎలాంటివాడో తేల్చాలంటే నాకు మూలమే కావాలి. ఏడో పుస్తకంలో, వీడు హ్యారీయేనా అని అడిగితే, హ్యారీ ఎదురుగా ఉన్నా డ్రాకో "ఖచ్చితంగా చెప్పలేను" అంటాడే, ఈ వారం అక్కడిదాకా చదివించాలి దానిచేత.