పట్టు లంగా కుట్టిస్తున్నారా? బట్ట కంటే ముందు కట్ ఖాయం చేసుకోండి

దసరా దగ్గర పడిందంటే టైలర్ల దగ్గర ఒకటే మాట: "ఈ బట్టకి ఈ మోడల్ రాదమ్మా." చాలాసార్లు ఆ మాట నిజమే. మనకు దొరికే చేనేత పట్టులో ఎక్కువ భాగం చీర కోసం నేసినదే. అంచు ఎక్కడ రావాలి, బుటా ఎటు నిలబడాలి, కొంగు ఎంత ఉండాలి అన్నవన్నీ చీర కట్టుకి సరిపడేలా మగ్గం మీదే ఖాయమైపోతాయి. దాన్ని లంగాగానో లాల్చీగానో మారిస్తే ఆ లెక్క తిరగబడుతుంది. అందుకే ముందు కట్ అనుకుని, తర్వాత కొట్టుకి వెళ్ళాలి.

చీర బట్టకి అన్నిటికంటే బాగా కుదిరేది కుచ్చుల లంగా. చీర పన్నా, అంటే వెడల్పు, సుమారు 45 నుంచి 47 అంగుళాలు. నడుము నుంచి పాదం దాకా పెద్దవాళ్ళకి 38 నుంచి 41 అంగుళాలు. అంటే పన్నానే నిలువుగా పెడితే కింద అంచు దానంతటదే వస్తుంది, పైన బెల్టు మడతకి బట్ట మిగులుతుంది, నడుమ అతుకు ఉండదు. బుటాలు కూడా నిటారుగానే నిలబడతాయి. ఒక్క జాగ్రత్త: చేనేతలో పన్నా మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండదు, అర అంగుళం అటూ ఇటూ అవుతుంది. కాబట్టి కొలత అంచు వైపు నుంచి తీసుకుని, తేడా వచ్చిన బట్టని నడుము దగ్గర కోయాలి. పై నుంచి కొలిస్తే లంగా కింద వంకరగా దిగుతుంది.

ఎంత బట్ట అన్నది మందాన్ని బట్టి. నడుము 30 అంగుళాలు అనుకుందాం. ధర్మవరం, కంచి లాంటి బరువైన పట్టుకి నడుముకి మూడు, మూడున్నర రెట్లు చాలు, అంటే 2.3 నుంచి 2.7 మీటర్లు. అంతకు మించితే కుచ్చులన్నీ నడుము దగ్గర దిండులా పేరుకుంటాయి. ఉప్పాడ జాందానీ లాంటి పల్చటి పట్టుకి అయిదు రెట్లు, 3.8 మీటర్ల దాకా పెట్టొచ్చు. లేకపోతే లంగా కాళ్ళకి అంటుకుపోతుంది. ఒక చీరలో కొంగు తీసేస్తే సుమారు నాలుగున్నర మీటర్లు మిగులుతుంది కనుక లంగా, జాకెట్టు రెండూ వస్తాయి. ఓణీకి రెండున్నర మీటర్లు కావాలి, దాన్ని విడిగా కొనాల్సిందే. కొంగుని ఓణీ చేద్దామనుకుంటారు చాలామంది. అది సుమారు మీటరే ఉంటుంది. జాకెట్టు వీపుకో చేతులకో వాడితే అందంగా ఉంటుంది.

కలీల లంగా (పైన సన్నగా, కింద వెడల్పుగా కోసిన ముక్కలు కలిపి కుట్టేది) అడిగితే లెక్క వేరు. కలీ ఏటవాలుగా కోస్తారు కాబట్టి నేసిన అంచు గుండ్రంగా తిరగదు. అంచుని కోసి విడిగా అతకాలి, అతికిన ప్రతిచోటా ముడత వచ్చే ప్రమాదం ఉంది. కలీలకి అంచులేని తాను బట్ట తీసుకోవడమే మంచిది. 12 కలీలు, కింద ఒక్కోటి 12 అంగుళాలు అనుకుంటే, ఒకటి నిటారుగా, పక్కది తలకిందులుగా పెట్టి కోస్తే సుమారు 3.2 మీటర్లు సరిపోతుంది. నెమలో, పువ్వు కొమ్మో, ఏదైనా తల పైకి ఉన్న డిజైన్ అయితే అన్నీ ఒకే వైపు కోయాలి, అప్పుడు 4.3 మీటర్ల దాకా పడుతుంది. టైలర్ని ఈ ప్రశ్న అడగకుండా మీటర్లు చెప్పించుకోకండి.

మగవాళ్ళ లాల్చీకి చీర బట్ట వాడేటప్పుడు ఎక్కువమంది పొరబడేది బుటా దగ్గరే. చీరలో బుటా పన్నా వైపు నిలబడి ఉంటుంది. లాల్చీని మామూలుగా బట్ట పొడవునా కోస్తే బుటాలన్నీ పక్కకి పడుకుంటాయి. అడ్డంగా కోస్తే నిలబడతాయి కానీ పొడవు పన్నాకి మించదు, పైగా అంచులు మెడ దగ్గరా కిందా వస్తాయి. అందుకే లాల్చీకి టస్సరో, బుటా లేని తానో మేలు. 44 అంగుళాల పన్నాలో మూడు మీటర్లు. నెమలికంఠం లాగా పడుగు (నిలువు పోగు) ఒక రంగు, పేక (అడ్డ పోగు) ఒక రంగు ఉన్న పట్టులో ఒక ముక్క నిలువుగా, ఇంకోటి అడ్డంగా కోస్తే రెండు వేరే బట్టల్లా కనిపిస్తాయి. చేతులకి బట్ట చాలక టైలర్లు చేసే పని ఇదే.

గద్వాల గురించి ఒక మాట. సంప్రదాయ గద్వాలలో ఒళ్ళు నూలు, అంచు పట్టు, రెండింటినీ కుప్పడం పద్ధతిలో మగ్గం మీదే కలుపుతారు. ఆ కలిపిన గీత మీదుగా కుట్టు పోకూడదు, కోత అసలే వద్దు. నీళ్ళలో తడిపితే నూలు కుంచించుకుంటుంది, పట్టు అంత కుంచించుకోదు, అంచు పొడవునా అలలు వస్తాయి. డ్రై క్లీనింగ్ తప్పదు. పోచంపల్లి ఇక్కత్‌లో ఇబ్బంది డిజైన్ కలవడం. పోగుల్ని అక్కడక్కడా బిగించి కట్టి (దీన్నే చిటికి అంటారు) రంగులద్ది, తర్వాత నేస్తారు కనుక ఒక గడికీ మరో గడికీ కాస్త తేడా సహజం. ప్రతి అతుకుకీ ఒక పూర్తి డిజైన్ పొడవు అదనంగా పెట్టుకోండి, అప్పటికీ అతుకు దగ్గర గీతలు అచ్చంగా కలవాలని పట్టుబట్టకండి.

కొట్లో చూడాల్సినవి కొన్ని. సిల్క్ మార్క్ 2004 నుంచి, హ్యాండ్లూమ్ మార్క్ 2006 నుంచి ఉన్నాయి. మొదటిది బట్ట పట్టు అని చెబుతుంది, చేనేత అని చెప్పదు. రెండోది చేనేత అంటుంది, పట్టో కాదో చెప్పదు. రెండూ ఉంటేనే మీరడిగింది మీకు వచ్చినట్టు. ఇక్కత్ పేరుతో అచ్చు వేసిన బట్ట అమ్ముతుంటారు. వెనక్కి తిప్పితే రంగు వెలిసినట్టుంటుంది. నేసిన దానికి రెండు వైపులా ఒకటే రంగు. పక్క నుంచి ఒక పోగు లాగి కాల్చితే పట్టు జుట్టు కాలిన వాసనతో నెమ్మదిగా కాలి, నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి గుండు కడుతుంది. ముదురు ఎరుపు, నలుపు అయితే కాస్త తడి చేసిన రుమాలుతో ఒక మూల రుద్ది చూడండి, రంగు అంటితే తెల్ల లైనింగ్ పాడవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఎవరూ చేయరు. బట్టని రెండు బొటనవేళ్ళ మధ్య రెండంగుళాల దూరంలో పట్టుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి గట్టిగా లాగండి. పోగులు జరిగి సందు కనిపించి, వదిలినా కలవకపోతే ఆ బట్ట బిగుతు జాకెట్టుకి పనికిరాదు. చంక దగ్గరా వీపు దగ్గరా కుట్టు తెగదు, కుట్టు పక్కన బట్టే విచ్చుకుంటుంది. అలాంటి పట్టు లంగాకి వాడుకోవచ్చు. జాకెట్టుకి కూడా అదే కావాలంటే లైనింగ్‌ని అర అంగుళం బిగుతుగా, పైబట్టని వదులుగా కుట్టించి, లోపల అంగుళం బట్ట వదిలించండి.

నూలు లైనింగ్‌ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇస్తే తర్వాత లోపల కుంచించుకుని పైబట్టని లాగదు. పట్టుని మాత్రం తడపొద్దు, నీటి చుక్క పడినా మచ్చే. సూది 9 లేదా 11 నంబరు, కొత్తది. పట్టులో ఒకసారి వేసిన కుట్టు విప్పితే చిల్లులు ఉండిపోతాయి, అందుకని ముందు నూలు బట్టతో ఒక జాకెట్టు కుట్టించి ఫిట్టింగ్ చూసుకోవడం దండగ కాదు. ఉప్పాడ బుటాల పోగులు గాజులకీ పట్టీలకీ తగులుకోవచ్చు. దానికి లైనింగ్ లేకుండా ఏదీ కుట్టించొద్దు. ఆ బట్ట మీద బరువైన మగ్గం వర్క్ కూడా వద్దు. (పేరుకి మగ్గమే కానీ దానికీ నేతకీ సంబంధం లేదు, చట్రానికి బిగించి చేసే సూది పని అది.) చట్రం మీద లాగినప్పుడు పల్చటి పట్టు సాగి, విప్పాక బుటాలు వంకరపోతాయి. వర్క్ కావాలంటే సాదా పట్టు మీద, అడుగున నూలు గుడ్డ పెట్టి చేయించండి.

పిల్లల పరికిణీకి ఎదిగే కొద్దీ విప్పుకునేలా నాలుగైదు అంగుళాల మడత వేయించడం మామూలే. ఆ మడతని అంచు పైన, లోపలి వైపు వేయించండి, జరీ మీద వద్దు. రెండేళ్ళు ఉన్న మడత గీత పట్టులో ఇక పోదు. జరీ మీద పడితే అక్కడే పోగు తెగుతుంది. గీత అంచుకి ఆనుకుని ఉంటే, విప్పినప్పుడు దాని మీద సన్నటి లేసు కుట్టి కప్పేయొచ్చు.