డర్హంలో ఒక కిటికీ

లండన్ కింగ్స్ క్రాస్‌లో బండెక్కి డర్హం వెళ్లేవాళ్లు కుడివైపు సీటు పట్టాలి. సుమారు మూడు గంటల ప్రయాణం తర్వాత, స్టేషన్ రాబోయే ముందు, బండి ఎత్తైన రాతి వంతెన ఎక్కుతుంది. కింద ఊరి ఇళ్ల కప్పులు, అవతల గుట్ట మీద కెథడ్రల్. ఎడమవైపు కూర్చున్నవాళ్లకు ఆ భాగ్యం లేదు, టికెట్ ధర మాత్రం ఇద్దరికీ ఒకటే. అది కూడా ముందే కొనుక్కోవాలి; ఆ రోజే కొంటే జేబు గుల్ల.

స్టేషన్ నుంచి పావుగంట నడక అంటారు. సగం దిగుడు, సగం ఎక్కుడని చెప్పరు. ఫ్రామ్‌వెల్‌గేట్ వంతెన దాటి, సిల్వర్ స్ట్రీట్ ఎక్కి, మార్కెట్ ప్లేస్ మీదుగా శాడ్లర్ స్ట్రీట్. కింద పరిచిన రాళ్లు తడిస్తే జారతాయి. చక్రాల పెట్టె ఉంటే స్టేషన్ దగ్గరి చిన్న బస్సే మేలు.

కెథడ్రల్‌కు ప్రవేశ రుసుము లేదు, చందా అడుగుతారు. వచ్చినవాళ్లంతా నేరుగా పాతకాలపు పునీతులు కత్బర్ట్ సమాధికో, బీడ్ సమాధికో పోతారు. నేను వెతికింది దక్షిణపు నడవలో, బలిపీఠం వైపున్న రూపాంతరం కిటికీ, అంటే కొండ మీద యేసు రూపం వెలుగుగా మారిన ఘట్టం. ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) బిషప్పు మైఖేల్ రామ్సీ జ్ఞాపకార్థం టామ్ డెన్నీ చేసిన ఈ రంగుటద్దాలను 2010లో పెట్టారు. దక్షిణ ముఖం కాబట్టి మధ్యాహ్నం ఎండలోనే దాని పసుపు వెలుగుతుంది. డిసెంబరులో అక్కడ నాలుగు కొట్టకముందే పొద్దు గూకుతుంది; మూడింటికి వెళ్తే మిగిలేది బూడిద రంగే. మెదక్ చర్చి కిటికీలను చీకటి పడ్డాక చూడబోయిన వాళ్లకు ఈ బాధ తెలుసు.

బిషప్పుగారి గౌరవార్థం అనుకున్నాను. నిజమే, రామ్సీ 1952 నుంచి నాలుగేళ్లు ఇక్కడ బిషప్పు. కానీ అంతకుముందు, 1940 నుంచి 1950 దాకా, పదేళ్లు ఇక్కడే పాఠాలు చెప్పాడు. రూపాంతరం మీద ఆయన పుస్తకం వచ్చింది 1949లో. కిటికీకి ఆ అంశం ఊరికే రాలేదు.

ఆ పాఠాల ఉద్యోగం తీరే వేరు. ఆయన కూర్చున్న వాన్ మిల్డర్ట్ ఆచార్య పీఠం విశ్వవిద్యాలయంలో ఉంటుంది, దానికి కెథడ్రల్ నడిపే పాదిరీల్లో ఒకరి పదవి, అంటే కేనన్ పదవి, ముడిపడి ఉంటుంది. ఎంత పండితుడైనా గురువుగా (పాదిరీగా) అభిషేకం లేనివాడికి ఆ కుర్చీ దొరకదు. అందుకే దారి చదువుతోనే ఆగదు: డిగ్రీ, క్రైస్తవ వేదాంత కళాశాల, గురుత్వానికి ముందు మెట్టయిన డీకన్ అభిషేకం, ఆపైన గురుత్వం, ఒక సంఘంలో సహాయ గురువుగా పని. రామ్సీ 1928లో లివర్‌పూల్‌లో ఆ పని మొదలుపెట్టాడు. తర్వాత లింకన్‌లో ఆరేళ్లు గురువులు కాబోయేవారికి బోధన, ఆపైన బోస్టన్‌లో (అమెరికాది కాదు, దానికి పేరిచ్చిన ఊరు), కొంతకాలం కేంబ్రిడ్జిలో. లెక్కలవాళ్లు ఇప్పటికీ తలుచుకునే ఫ్రాంక్ రామ్సీ ఆయన సొంత అన్నే. నాస్తికుడు, 1930లో 26 ఏళ్లకే పోయాడు.

1950లో కేంబ్రిడ్జిలో రాజు పేరిట నెలకొన్న రీజియస్ పీఠానికి ఆచార్యుడయ్యాడు. రెండేళ్లు తిరక్కుండానే బిషప్పుగా లాగేశారు. పుస్తకాల మనిషికి అది నష్టమనే నాకనిపిస్తుంది. 1956లో యార్క్ ఆర్చిబిషప్పు, 1961లో ఇంగ్లండు చర్చికి పెద్ద పీఠమైన కాంటర్‌బరీ. 1966లో రోముకు వెళ్తే పోపు ఆరవ పాల్ తన ఉంగరం తీసి ఆయనకిచ్చాడు.

రోముతో అంత స్నేహం కుదిరిందిగానీ ఇంటి పక్క మెథడిస్టులతో (ఆంగ్లికన్ల నుంచి విడిపోయిన ప్రొటెస్టెంట్లతో) ఆంగ్లికన్ సంఘం కలవడం కుదరలేదు. ఆయన గట్టిగా కోరుకున్న కలయిక అది. 75 శాతం ఓట్లు కావాలి. 1969లో ఆంగ్లికన్ల వైపు 69 దగ్గర ఆగింది, 1972లో ఇంకా తగ్గింది. మెథడిస్టుల మెదక్, ఆంగ్లికన్ల డోర్నకల్ ఆ పని 1947లోనే కానిచ్చి దక్షిణ ఇండియా సంఘంలో ఒకటయ్యాయి. అలాగని మనవాళ్లంతా ఒక్కమాట మీద ఉన్నారనీ కాదు, నంద్యాల ఆంగ్లికన్లు చాలామంది అప్పుడు కలవకుండా చాలా ఏళ్లు బయటే ఉండిపోయారు.

తిరుగు బండిలో సీటు ఎడమవైపు.